బయట 44, లోపల 45

నల్లగొండలో ఎవరికి ఏ దారి చెప్పాలన్నా గడియారం సెంటర్ నుంచే మొదలు పెడతాం. నేను మాత్రం మే నెల రెండో వారంలో ఇంటి తలుపులన్నీ మూసుకుని ఇంకో గడియారం జోలికి పోయాను. అది నా కంప్యూటర్ లోపలిది, దాని వేగాన్ని నడిపే క్లాకు.

తప్పు నాదే. మా బామ్మర్ది పెళ్ళిలో, బంతి భోజనం దగ్గర, పది మంది వింటుండగా "వీడియో ఎడిటింగుకు బయట పైసలెందుకు దండగ, నేను చేస్త" అన్నాను. బగారన్నం బాగా కుదిరినప్పుడు మనిషి ఇలాంటి మాటలే అంటాడు. తీరా కూర్చుంటే, ముక్కలన్నీ కలిపి ఒక్క వీడియోగా తయారవడానికి, అదే రెండర్‌కు, ఒక్కసారి పెడితే మూడున్నర గంటలు. అటు బామ్మర్ది అత్తగారింటి నుంచి రోజూ ఫోను. "బావా, అయిందా?"

నా కంప్యూటర్లో లెక్కలన్నీ చేసే చిప్పు, అంటే ప్రాసెసర్, ఇంటెల్ వాళ్ళ ఐ5-2500కె. 2011లో వచ్చింది, నా దగ్గరికి సెకండ్ హ్యాండ్‌లో చేరింది. చివర ఆ 'కె' ఉందంటే దాని గుణకానికి తాళం వేయలేదని అర్థం. బోర్డు ఇచ్చే 100 మెగాహెర్ట్జ్‌ని 33తో హెచ్చవేస్తే వేగం 3.3 గిగాహెర్ట్జ్, అదే 45తో హెచ్చవేస్తే 4.5. ఎక్కం వచ్చినవాడెవడైనా చేసే పనే కదా అనిపించింది. తాళం లేదని తెలిశాక చెయ్యి ఊరుకోదు.

ముందుగా చల్లదనం సంగతి చూద్దామని ప్రాసెసర్ మీది ఫ్యాను ఊడదీశాను. ఫ్యానుకూ, చిప్పు వేడిని లాగే లోహపు దిమ్మ హీట్‌సింకుకూ మధ్య దుమ్ము గొంగడిలా పట్టి ఉంది. చిటికెన వేలు దూర్చి లాగితే చిరగకుండా ఒకే ముక్కగా వచ్చింది. అదంతా తుడిచి, చిప్పు వేడిని హీట్‌సింకుకు అందించే పాత పేస్టు గీకి, కొత్తది బియ్యపుగింజంత పెట్టి, నాలుగు మూలల ప్లాస్టిక్ పిన్నులూ నొక్కాను. టక్, టక్, టక్. నాలుగోది కూడా టక్కుమనే ఉంటుందనుకున్నాను. అప్పుడే పెరుగు గిన్నె ఎక్కడ పెట్టావని మా ఆవిడ కేక వేసింది.

ఇక సెట్టింగుల్లోకి పోయి, 45 ఎందుకు, 48 పెడదామనుకున్నాను. స్క్రీను నల్లగా అయిపోయింది. మళ్ళీ నొక్కినా నలుపే. బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుంది, అది కాసేపు తీసి పెడితే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. తీశాను, వచ్చాయి. వాటితో పాటు తేదీ కూడా 2011 జనవరి 1కి పోయింది. క్లాకు పెంచుదామని కూర్చుంటే క్లాకే ఏళ్ళ కొద్దీ వెనక్కి నడిచింది. ఆ సంగతి చూసుకోకుండా కరెంటు బిల్లు కడదామని వెబ్‌సైటు తెరిస్తే, ఈ సైటు నమ్మదగింది కాదని హెచ్చరిక. దాని లెక్కలో ఆ సైటుకు ఇంకా సర్టిఫికెట్టే పుట్టలేదు మరి.

బుద్ధిగా 45కు దిగాను. అయిదు నిమిషాలకు కంప్యూటర్ కూలబడి నీలి తెర, దాని మీద సున్నాలన్నీ అయ్యాక చివర 124. క్లాకు పెంచినవాళ్ళకు ఆ అంకె కనబడితే చాలాసార్లు వోల్టేజి చాలలేదనే లెక్క. పెంచుతూ పోయి 1.35 దగ్గర ఆగాను. నీలి తెర ఆగింది కానీ వేడి మొదలైంది. వేగం పెరిగితే వేడి అదే దామాషాలో పెరుగుతుంది, వోల్టేజి పెరిగితే మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది. 95 వాట్ల చిప్పు ఆ లెక్కన నూటయాభై దాటింది. బయట 44 డిగ్రీలు. ఎంత మంచి ఫ్యానయినా గదిలో ఉన్న గాలినే కదా ఊదేది!

డబ్బా పక్క రేకు తీసి టేబుల్ ఫ్యాను పెట్టాను. లాభం లేదు. అప్పుడు నా కన్ను అమ్మ గదిలోని కూలర్ మీద పడింది. కొత్త గడ్డి వేయించి వారమే అయింది. అమ్మ కునుకు తీస్తుంటే చప్పుడు కాకుండా చక్రాల మీద ఈ గదిలోకి తోసుకొచ్చి డబ్బా ముందు నిలబెట్టాను. రెండు నిమిషాలకే అమ్మ కొంగుతో విసురుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏందిరా, నాకంటె ఆ డబ్బకే ఎక్కువ ఉబ్బపోస్తున్నదా?"

"ఒక్క గంటనేనమ్మా."

"మీ నాయినకు గూడ ఇంత సేవ చెయ్యలే నువ్వు."

ఆ గంట అయిదు గంటలైంది. చూస్తే వీడియో ఇంకా అవుతూనే ఉంది. 33 మీద మూడున్నర గంటల్లో అయ్యే పని, 45 మీద అయిదు గంటలైనా అవలేదు! టెంపరేచర్ చూస్తే 98. ఈ చిప్పుకు అది హద్దు. అక్కడికి రాగానే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. మే నెల మధ్యాహ్నం మా ఊళ్ళో ఆటోవాళ్ళు కూడా వేపచెట్టు కిందికి చేరతారు. నా ప్రాసెసరుకు ఆ చెట్టు కూడా లేకపాయె. పైగా కూలర్ గాలికి గది నిండా తేమ, గోడ కేలండర్ కాగితం మెత్తబడి వంకర తిరిగింది.

సాయంత్రం బామ్మర్దే స్వయంగా దిగాడు. వాడిది బోరు మోటార్ల వైండింగ్ షాపు. నా కథంతా విని నవ్వాడు.

"బావా, మా మోటర్లు వోల్టేజి తక్కువై కాలుతయి, నీది ఎక్కువై కాలేటట్టున్నది."

వైండింగ్ చేసే చెయ్యి కదా, ఏది చూసినా ముందు ఆడుతుందేమో చూస్తుంది. మిషన్ ఆఫ్ చేయించి, హీట్‌సింక్ మూల రెండు వేళ్ళతో పట్టుకుని కదిపాడు. కదిలింది. నాలుగో పిన్ను. పొద్దుటి నుంచీ హీట్‌సింక్ ఆ మూలన పైకి లేచి, చిప్పుకు అంటీ ముట్టనట్టు కూర్చుంది. వాడే పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టించి, మూలకు మూల ఎదురుగా నొక్కాడు. నాలుగు టక్కులు లెక్కపెట్టాను.

గుణకం 40కి దించాను, వోల్టేజి కూడా తగ్గించాను. రాత్రి పదింటికి 82 డిగ్రీలు, అదీ అమ్మ కూలర్ లేకుండా. పన్నెండున్నరకు ముందే వీడియో చేతికొచ్చింది. మా ఆవిడా, బామ్మర్దీ, నేనూ కూర్చుని చూశాం. తలంబ్రాలు, అప్పగింతలు, బంతి భోజనం దగ్గర నా ప్రకటనతో సహా అన్నీ ఉన్నాయి. బామ్మర్ది మొహం మాత్రం వాడిపోయింది.

"బావా, మా అత్తమ్మ ఒక్కదాంట్ల గూడ లేదేంది?"

పొద్దున్నే ఆమెను వెతికి పట్టి మూడు చోట్ల అతికించేసరికి మధ్యాహ్నం రెండయింది. మళ్ళీ రెండర్‌కు పెట్టాను. ప్రాసెసర్ ఫ్యాను గొంతు పెంచిందో లేదో, అవతలి గదిలో అమ్మ తన మంచాన్ని కూలర్‌కు అడ్డంగా లాక్కుంటున్న చప్పుడు వినిపించింది.