ఒకే బాణీ, రెండు గొంతులు

జపాన్ సినిమాకు మన సినిమాల్లా అరడజను పాటలుండవు. చాలావాటికి ఒక్కటే థీమ్ సాంగ్, అదీ ఎక్కువగా చివర్లో పేర్లు పడేటప్పుడు వస్తుంది. కథకు దాంతో పెద్దగా పని లేదు. దాని అసలు డ్యూటీ సినిమా రిలీజ్‌కు ముందే టీవీల్లో, రేడియోల్లో మోగడం. ఈ లెక్క బాగా ఒంటబట్టినవాడు హరుకి కడోకవా. తండ్రి పెట్టిన పుస్తక ప్రచురణ సంస్థను చూసుకుంటూ 1976లో సినిమాల్లోకి దిగాడు. 'చదివి చూస్తారా, చూసి చదువుతారా' అని టీవీ ప్రకటనలతో ఊదరగొట్టి నవలను, సినిమాను, పాటను కలిపి అమ్మాడు.

అయితే ప్రచారంతో పాట అమ్ముడుపోతుంది గానీ, నలభై ఏళ్లు నిలబడదు. 1981లో వచ్చిన కడోకవా సినిమా 'సైలర్ సూట్ అండ్ మెషీన్ గన్' పాట నిలబడింది. అందుకు కారణం కడోకవా వ్యాపార తెలివి కన్నా దర్శకుడు షింజీ సోమాయ్ పట్టుదలే అంటాను.

నలుగురే మిగిలిన ఓ యాకూజా (జపాన్ మాఫియా) ముఠాకు స్కూలు పిల్ల నాయకురాలు కావడం ఆ సినిమా కథ. రాసింది జిరో అకగావా. హీరోయిన్ హిరోకో యకుషిమారుకు అప్పుడు పదిహేడేళ్లు. బాణీ కట్టిన తకావో కిసుగి స్వయంగా గాయకుడు, పాట తనే పాడాలనుకున్నాడు. సాహిత్యం ఆయన అక్క ఎత్సుకోది. తీరా సోమాయ్ వచ్చి హీరోయిన్‌తోనే పాడించాలన్నాడు. కిసుగికి ఒళ్లు మండకుండా ఉంటుందా? చివరికి రాజీ కుదిరింది. అదే బాణీని, మాటలు కొంచెం మార్చి, 'కల మధ్యలో' అనే అర్థం వచ్చే పేరుతో ఆయన విడిగా విడుదల చేసుకున్నాడు. 1981 నవంబర్‌లో కొద్ది రోజుల తేడాతో రెండూ వచ్చాయి, రెండూ హిట్టే. ఆమె పాడినది జపాన్‌లో పాటల అమ్మకాలను లెక్కగట్టే ఓరికాన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది.

రెండూ పక్కపక్కనే వినండి. కిసుగిది అనుభవం ఉన్న గొంతు. ఎక్కడ తగ్గాలో, ఎక్కడ లాగాలో తెలుసు. జరిగిపోయినదాన్ని తలుచుకుంటున్నట్టు పాడతాడు. యకుషిమారు గమకాల జోలికే పోదు. స్వరాన్ని నిటారుగా పట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు పాడేస్తుంది. సంగీతపరంగా కిసుగిదే మెరుగు, అనుమానం లేదు. సినిమాకు మాత్రం ఆమె గొంతే కావాలి. ఆ అమ్మాయి తుపాకీ పేల్చే సీన్‌లో పగిలిన గాజుముక్క తగిలి నటి ముఖం నిజంగానే తెగింది. ఆ షాట్‌ను సోమాయ్ తీసేయలేదు. గాయాన్ని దాచని మనిషి, గొంతులోని పచ్చిదనాన్ని దాస్తాడా?

తమాషా ఏంటంటే, 2013లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే సీరియల్ 'అమా-చాన్'లో ఇదే యకుషిమారు, పాట రాని సినిమా తార పాత్ర వేసింది. ఆ కథలో ఆమె థీమ్ సాంగ్‌ను తెర వెనుక వేరే అమ్మాయి పాడుతుంది. నిజంగా తన గొంతుతోనే పాడి పేరు తెచ్చుకున్న ఆమెకు ఆ పాత్ర ఇవ్వడం రచయిత కొంటెతనం.

2006లో ఈ కథ టీవీ సీరియల్ అయినప్పుడు మసామి నగసావా, 2016 సినిమాలో కన్నా హషిమోతో ఆ అమ్మాయిగా నటించారు. ఇద్దరితోనూ ఆ పాట పాడించారు. 1981లో గొడవకు దారితీసిన కోరిక అప్పటికి ఆనవాయితీ అయిపోయింది. ఈసారి ప్రొఫెషనల్ సింగర్‌ను పెట్టి ఉంటే, అదెందుకని జనమే అడిగేవారు.