చెరువు ఎండితే కొనేయమంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ ఫార్వర్డ్. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత క్లాస్‌మేట్ల గ్రూపులో రెండుసార్లు, నిన్న మా బావగారి నుంచి. "హైదరాబాద్‌లో చెరువు పక్కన ప్లాటు కొనాలంటే కరువే మంచి టైమ్" అని మొదలుపెట్టి ఐదు కారణాలు చెప్పారు. బావగారు అడ్వాన్సు ఇచ్చే ఆలోచనలో ఉన్నారు. అందుకే రాస్తున్నాను.

చల్లగాలి వస్తుంది, కరెంటు బిల్లు తగ్గుతుంది అన్నది వదిలేద్దాం. మురుగు కలిసే చెరువు వైపు కిటికీ ఎవరూ తెరవరు.

"చెరువు పక్క బోరు ఎండదు" అట. చెరువులో నీళ్లుంటేనే కదా భూమిలోకి ఇంకేది!

"కరువులో రేటు తగ్గుతుంది, వానలు పడ్డాక పెరుగుతుంది." ఇది మాత్రం నిజమే. నెర్రెలిచ్చిన చెరువును చూస్తూ కూర్చోడానికి ఎవరూ ఎక్కువ డబ్బు పెట్టరు. అది నిండగానే అదే ప్లాటు 'లేక్ వ్యూ' అయిపోతుంది. అలా కొని అమ్ముకుని బాగుపడ్డవాళ్లు నాకూ తెలుసు. కానీ చౌకగా వస్తున్న ఆ గజం చెరువు ఒడ్డున ఉందా, చెరువులోనే ఉందా?

ఎందుకంటే నాలుగో పాయింటు ఇది: "ఏళ్లుగా నీళ్లు రాని చోటు ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే చెరువు నిండు మట్టం) కిందికి రాదు." కొంపలు ముంచే మాట ఇదే. ఎఫ్‌టీఎల్‌ను ఈ ఏడు నీళ్లెక్కడున్నాయో చూసి గీయరు. చెరువు నిండి అలుగు పారే వేళకి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అదే హద్దు. అది దాటాక, అక్కడా ఏమీ కట్టకూడని బఫర్: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు. శిఖం (చెరువు లోపలి భూమి) పట్టా ఉన్న రైతు కూడా నీళ్లు తీసినప్పుడు పంట వేసుకోవచ్చు గానీ, ఇల్లు కట్టకూడదు. ఎన్ని కరువులొచ్చినా ఆ హద్దు జరగదు.

2016 ఎండాకాలంలో హైదరాబాద్‌కు తాగునీరిచ్చే సింగూరు, మంజీరా జలాశయాలు ఎండిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో నిజాంపేట బండారి లేఅవుట్‌లో సెల్లార్లు మునిగాయి. హిమాయత్‌సాగర్ గేట్లు దాదాపు పదేళ్లు ఎత్తే పనే పడలేదు. 2020 అక్టోబరు 13 వానకు రాత్రికి రాత్రి ఎత్తారు. జల్‌పల్లి దగ్గర ఉస్మాన్‌నగర్‌లో ఇళ్లు నెలల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఇక నీళ్లు రావని అక్కడివాళ్లకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు!

"రిజిస్ట్రేషన్ అయి, బ్యాంకు లోన్ ఇస్తే భయం లేదు." వానొచ్చినప్పుడు సేల్ డీడ్ చూపిస్తే నీళ్లు వెనక్కి పోతాయా? 2024లో హైడ్రా (చెరువుల్లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) కూల్చిన కట్టడాల్లో రిజిస్ట్రేషన్ ఉన్నవీ ఉన్నాయి. అయితే ఈ కూల్చివేతల మీద ఆ మెసేజ్ రాసినాయనకున్న కోపం నాకూ ఉంది. పర్మిషన్ ఇచ్చి, ఇంటి పన్ను కట్టించుకుని, తర్వాత జేసీబీ పంపడం అన్యాయం. అమ్మినవాడిని, సంతకం పెట్టినవాడిని ముందు పట్టుకోవాలి. కానీ అది జరిగేలోపు మీ డబ్బు పోతుంది బావగారూ.

హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులో మీ సర్వే నంబరు ఎక్కడుందో చూడండి. ఆ ఊళ్లో పెద్దవాళ్లని, చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో అడగండి. ఆదివారం నేనూ వస్తాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకండి.