టర్బో కారుకు సాఫ్ట్‌వేర్ సంబంధం

రాత్రి పదకొండున్నరకు ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు ఫోనంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఎత్తితే మావాడు. గొంతు వణుకుతోంది.

“గురూ, యాక్సెస్‌పోర్ట్ తీసుకోనా, ఎక్యూటెక్ చేయించనా?”

రెండూ టర్బో కారు పవర్ పెంచుకోవడానికి వాడే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్లే. మూడు నెలలుగా ఇదే ప్రశ్న. ఈ మూడు నెలల్లో వాడు ఇల్లు మారాడు, ఉద్యోగం మారాడు. ఆ రెండింటికీ నన్ను ఒక్క మాట అడగలేదు. ఇది మాత్రం తొందరపడి తేల్చే విషయం కాదన్నాడు. నేనూ సరేనన్నాను.

నన్నే అడగడానికి కారణముంది. నేను గతంలో ఒక ఇంజిన్ పాడుచేశాను. ఈ రంగంలో ఒకటి పాడుచేసినవాడిని అనుభవజ్ఞుడంటారు. రెండు పాడుచేస్తే ట్యూనర్. మూడు దాటితే శిక్షణ తరగతులు పెట్టుకోవచ్చు. కాబట్టి నా స్థాయికి తగ్గ వినయంతో, లోకహితం కోరి, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందుగా ఒక్క ముక్క. ఇంజిన్‌కు ఎంత పెట్రోలు వెళ్లాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి, టర్బో గాలిని ఎంత ఒత్తిడితో లోపలికి నెట్టాలి (దాన్నే బూస్ట్ అంటారు) అన్నది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. దాని లోపల ఎక్కాల పుస్తకం లాంటి పట్టికలుంటాయి. ఒక పక్క ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు. ఇంకో పక్క లోడ్, అంటే ఇంజిన్ ఎంత భారం మోస్తోందన్న లెక్క. రెండూ కలిసే గడిలో ఏ అంకె ఉంటే దాని ప్రకారం నడుచుకుంటుంది. ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ అంటే ఆ గడులు తెరిచి అంకెలు మార్చే పనిముట్టు. ఏ కంపెనీది కొన్నా గడులు అవే, ఇంజిన్ అదే. ఇంత చిన్న విషయం మీద మనుషులు జట్లు కట్టి కొట్టుకోవాలంటే చాలా పట్టుదల కావాలి. మనవాళ్లకు ఆ పట్టుదల పుష్కలంగా ఉంది. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్లు మూడే కాళ్లంటారు.

మొదటి జట్టు కాబ్ యాక్సెస్‌పోర్ట్ వాళ్లది. అరచేతిలో ఇమిడే పెట్టె. కారు కంప్యూటర్‌తో మాట్లాడే ఓబీడీ పోర్టుకు తగిలించి మీట నొక్కితే మ్యాప్, అంటే కొత్త అంకెల పట్టిక, ఎక్కుతుంది. ఆ తర్వాత కళ్లెదురుగా అతికించుకుంటే గేజ్‌లా బూస్ట్‌నూ, ఇంజిన్‌కు హాని చేసే ‘నాక్’నూ చూపిస్తుంది. మొదటిసారి ఒక కారులో మ్యాప్ ఎక్కించగానే ఈ పెట్టెకు ఆ కారుతో పెళ్లయిపోతుంది. కవిత్వం కాదండీ, వాడేవాళ్లందరూ అనే మాటే అది: మ్యారీడ్. అప్పట్నుంచి ఇంకో కారు వైపు కన్నెత్తి చూడదు. వేరే కారుకు వాడాలంటే మొదటి కారుకు ఫ్యాక్టరీ మ్యాప్ తిరిగి అప్పజెప్పి, పద్ధతిగా అన్‌మ్యారీ చేసి రావాలి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని ఎగిరి గంతేసి తెచ్చుకున్నవాళ్లలో కొందరికి, విడాకులు అవలేదన్న సంగతి ఇంటికొచ్చి తగిలించాకే తెలుస్తుంది. ఆ మొదటి కారేమో ఎప్పుడో తుక్కు కింద పోయి ఉంటుంది. ఈ పెట్టె మాత్రం దాన్నే తలుచుకుంటూ కూర్చుంటుంది.

ఎక్యూటెక్‌లో ఆ గొడవే లేదు. లైసెన్స్ ఏ కారుకు కొంటే ఆ కారుకే. కారు అమ్మేస్తే దాంతో పాటే పోతుంది. ఇందులో రేస్‌రామ్ అని ఒక హంగు ఉంది. మ్యాపులు మార్చుకోవచ్చు, ఏ గేరులో ఎంత బూస్టో విడివిడిగా పెట్టుకోవచ్చు, ఆగిన చోటి నుంచి ఒక్కసారిగా దూసుకెళ్లడానికి లాంచ్ కంట్రోల్ వేసుకోవచ్చు. అయితే చాలామంది ట్యూనర్లు తాము రాసిన ఫైలుకు తాళం వేసి ఇస్తారు. మన కారులో, మన డబ్బుతో, మన పేరు మీద పెట్టించుకున్న అంకెలు మనకు కనబడవు. గుళ్లో దేవుడికైనా అప్పుడప్పుడు తెర తీస్తారు.

హోండా ఉన్నవాడికి హోన్‌డేటా ఉంది, బీఎండబ్ల్యూ ఉన్నవాడికి ఫోన్ నుంచే మ్యాప్ ఎక్కించే ఎమ్‌హెచ్‌డీ ఉంది, హెచ్‌పీ ట్యూనర్స్‌లో కారుకిన్ని క్రెడిట్లని కొనుక్కోవాలి. నిజం చెప్పాలంటే మన దగ్గరున్న కారే సగం ఎంపిక చేసేస్తుంది. ఇది పైకి అనకూడని మాట. అంటే మూడు నెలల పరిశోధన మూడు నిమిషాల్లో ముగిసిపోతుంది.

ఉచితం కావాలనుకునే వీరులూ ఉన్నారు. రామ్‌రైడర్, ఈసీయూఫ్లాష్. ఒక కేబుల్ కొనుక్కుంటే చాలు, మిగతాదంతా నిద్రతో చెల్లించవచ్చు. ఈసీయూలో ఏ పట్టిక ఎక్కడుందో చెప్పే డెఫినిషన్ ఫైలు మన కారుకు సరిపడేది దొరకాలి. సరిపడనిది పెట్టుకుంటే స్పార్క్ టైమింగ్ అనుకుని ఇంకేదో దిద్దుతాం. ఆ ఇంకేదో ఏమిటన్నది కారే చెబుతుంది.

ఫ్యాక్టరీ ఈసీయూ ముఖం చూడటానికే ఇష్టపడని వాళ్లు హాల్‌టెక్, లింక్, మోటెక్ లాంటి స్టాండలోన్ ఈసీయూను దాని స్థానంలో పెట్టుకుంటారు. అప్పుడు ప్రతి గడీ మనదే. సర్వస్వతంత్రం. మొదటి చలి ఉదయం కారు స్టార్ట్ అవదు. ఎందుకంటే చల్లటి ఇంజిన్‌కు ఎంత పెట్రోలు అదనంగా ఇవ్వాలో ఫ్యాక్టరీ ఇంజినీర్లు ఎంతో కాలం కష్టపడి రాసిన అంకెలు పాత ఈసీయూతో పాటు అటకెక్కాయి.

ఇక పిగ్గీబ్యాక్ పెట్టెలు. వీటి తీరు ధర్మరాజు పలికిన అబద్ధం లాంటిది. సెన్సరుకూ ఈసీయూకూ మధ్యలో కూర్చుని, అసలు బూస్ట్ కన్నా కాస్త తక్కువ చేసి చెబుతుంది. పాపం ఈసీయూ నమ్మి, ఇంకాస్త పెంచుతుంది. చెప్పినవాడు ఎంత పెద్దమనిషైనా, నమ్మినవాడికి ఏం జరిగిందో మనకు తెలుసు.

అన్ని జట్లూ కలిసి ఒప్పుకునేది ఒక్కటే: స్టేజ్ 1, స్టేజ్ 2. మామూలుగా మొదటిది ఉన్న సామానుతోనే మ్యాప్ మార్చడం, రెండోది టర్బో నుంచి పొగ బయటికి పోయే డౌన్‌పైప్ లాంటివి కూడా మార్చడం. ఆ తర్వాత ఎవరి లెక్క వాళ్లది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఎంత దూరం తీసుకెళ్తుందని అనుమానపడేవాళ్లకు 2015లో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ బాగోతం గుర్తుచేస్తాను. ఉద్గారాల పరీక్ష జరుగుతోందని ప్రోగ్రామ్ పసిగట్టి, కాసేపు బుద్ధిగా ఉండి, రోడ్డెక్కాక అసలు రంగు చూపించేది. దాదాపు 1.1 కోట్ల కార్లు. ఒక్క బోల్టు విప్పకుండా సాధించిన ఆ స్టేజ్‌కు ఇంకా ఎవరూ నంబరు ఇవ్వలేదు.

సాఫ్ట్‌వేర్ లేని కాలంలో జనం సుఖపడ్డారని కూడా అనుకోవద్దు. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ మొదటి టర్బో కార్లలో ఒకటి. ఇంజిన్ నాక్ కొట్టకుండా దానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం విడిగా ఒక ట్యాంకులో పోయాలి. పేరు టర్బో రాకెట్ ఫ్లూయిడ్. అంత పేరు పెట్టినా యజమానులు పోయడం మర్చిపోయారు. చివరికి చాలా కార్లకు టర్బోనే ఊడదీసేశారు. ఆ మోడల్ ఆయుష్షు రెండేళ్లు.

నా సంగతికొస్తాను. అప్పట్లో నా దగ్గరున్న పాత సుబారులో మ్యాప్ ఎక్కించాలంటే, డ్రైవర్ కాళ్ల దగ్గర డాష్‌బోర్డ్ కింద వేలాడే రెండు ఆకుపచ్చ కనెక్టర్లను ఒకదానికొకటి తగిలించాలి. దాన్ని టెస్ట్ మోడ్ అంటారు. తగిలించి తాళం తిప్పగానే కారుకు పూనకం వస్తుంది. రేడియేటర్ ఫ్యాన్లు తిరుగుతాయి, ఆగుతాయి, మళ్లీ తిరుగుతాయి. వెనక ఫ్యూయల్ పంప్ ఉండుండి మూలుగుతుంది. చెక్ ఇంజిన్ లైటు కన్ను కొడుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి ఈ జాతర మొత్తం బ్యాటరీ ఖర్చు మీదే. బ్యాటరీ చార్జర్ తగిలించుకోమని ముందే రాసుంది. చార్జర్ అటక మీద ఉంది. నిచ్చెన పక్కింట్లో ఉంది. నేను తెలివైనవాణ్ని.

ల్యాప్‌టాప్‌లో బార్ సగం దాటాక ఫ్యాన్ల గొంతు తగ్గడం మొదలైంది. అరవై ఐదు దగ్గర పంప్ మూలగడం మానేసింది. 71 శాతం దగ్గర బార్ ఆగింది. నేను ల్యాప్‌టాప్‌ను తాకలేదు, ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. పావుగంట అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత తాళం తిప్పితే కారు నన్ను ఎప్పుడూ చూడనట్టు ప్రవర్తించింది. ఈసీయూ విప్పి బల్ల మీద పెట్టి, ఒకాయన రెండు రోజులు కూర్చుని బతికించాడు. మొదటి 71 శాతంలో నా తప్పేమీ లేదని ఆయనకు అప్పుడే చెప్పాను. ఇప్పటికీ అదే అంటాను.

ఇంజిన్ పోయింది ఆ తర్వాత. ఎవరి కారుకో రాసిన మ్యాప్ బాగుందని విని నా కారుకు ఎక్కించాను. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు వాళ్లవి వేరు, గాలి లోపలికి వెళ్లే గొట్టం వేరు. వెళ్లిన గాలి ఎంతో నా ఈసీయూకు తప్పుగా తెలిసింది, పెట్రోలు చాలలేదు, నాక్ మొదలైంది. నాక్ అంటే స్పార్క్ మంట చేరేలోపే, మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమనడం. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకు 50 సార్లు మండుతుంది. అంటే తప్పు చేయడానికి ఇంజిన్‌కు సెకనుకు 50 అవకాశాలు. బ్లాక్‌కు బిగించిన నాక్ సెన్సర్ ఆ చప్పుడు వింటూనే ఉంది, ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతూనే ఉంది. సుబారులో దీనికి డైనమిక్ అడ్వాన్స్ మల్టిప్లయర్ అని ఒక అంకె ఉంటుంది. 1 ఉంటే సంతోషం, తగ్గితే భయం. నాది తగ్గింది. సాఫ్ట్‌వేర్‌లో ఏదో బగ్ ఉందనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నది నా గురించే అన్నారేమో. చివరికి పిస్టన్ పగిలింది. దాంట్లో బగ్ లేదు.

ఇవన్నీ మావాడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, “అయితే స్క్రీన్ ఏది బాగుంటుంది?” అన్నాడు.

వాడి చదువు మరీ తక్కువేమీ కాదు. 14.7 అన్న అంకె మీద రెండు వారాలు ఎవరితోనో వాదించాడు. పెట్రోలు పూర్తిగా మండటానికి తూకంలో ఒక వంతు ఇంధనానికి 14.7 వంతుల గాలి కావాలి. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం కూడా 14.7 పీఎస్‌ఐ. రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. మావాడు రెండూ ఒకటేననుకుని వాదించాడు. గెలిచాడు కూడా.

వాడికి అసలు కావలసింది డైనో గ్రాఫ్, అంటే కారు పవర్ కొలిచే యంత్రం గీసే గీత. ముందు ఒక గీత, తర్వాత ఒక గీత, మధ్యలో ఎంత ఖాళీ ఉంటే అంత మగతనం. అది సాఫ్ట్‌వేర్ కొనకుండానే దొరుకుతుందని చెప్పాను. డైనో ప్రోగ్రామ్‌లో వాతావరణానికి సరిచేసే లెక్కలు ఎస్‌ఏఈ, ఎస్‌టీడీ అని రెండుంటాయి. అదే పరుగు, అదే కారు, మెనూలో ఎస్‌ఏఈ తీసి ఎస్‌టీడీ పెడితే అంకె దాదాపు 4 శాతం పెరుగుతుంది. 300 హార్స్‌పవర్ 312 అవుతుంది. నాక్ లేదు, వారంటీ పోదు. నాకు తెలిసినంతలో ఇంతకన్నా భద్రమైన ట్యూనింగ్ లేదు. మావాడు నోట్ చేసుకున్నాడు.

మొన్న ఆదివారం ఖాళీ ట్రాక్ మీద వాడి కారుకు నా పాత కేబుల్ తగిలించి లాగ్, అంటే నడుస్తున్నప్పటి ఈసీయూ అంకెల చిట్టా, తీశాం. వాడు నడిపాడు, నేను ల్యాప్‌టాప్ పట్టుకున్నాను. మూడో గేరు, కిందినుంచి పైదాకా పూర్తి థ్రాటిల్. నాక్ లేదు. కానీ ఈసీయూ 15 పీఎస్‌ఐ అడుగుతుంటే వచ్చేది 11. బూస్ట్ పెంచడానికి ఈసీయూ పడే తంటాను చూపే వేస్ట్‌గేట్ డ్యూటీ మాత్రం ఎక్కుతూ పోతోంది. మిశ్రమంలో పెట్రోలు ఎక్కువ, కారంతా వాసన. ముందు నుంచి సన్నగా ఉస్స్ అని ఒక చప్పుడు.

బానెట్ తెరిచాం. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టానికి ఉన్న క్లిప్ వదులుగా ఉంది. వేలు పెడితే తిరుగుతోంది. సెన్సర్ లెక్కేసిన గాలి కాస్తా ఇంజిన్ దాకా వెళ్లకుండా అక్కడే బయటికి పోతోంది. మూడు నెలలుగా మావాడికి లోటు అనిపించిన పవర్ అదే. స్క్రూడ్రైవర్‌తో ఆరు చుట్లు బిగించాను. మళ్లీ లాగ్ తీస్తే సరిగ్గా 15. మావాడు సీటుకు అతుక్కుపోయాడు.

దిగాక మాత్రం మొహం మాడిపోయి ఉంది. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఆలోచించాడు.

“గురూ, శుక్రవారం ఎక్యూటెక్ వాళ్ల దగ్గర డైనో బుక్ చేశాను. ముందు గీత తీసేదాకా ఆ క్లిప్ మళ్లీ వదులు చేసి ఉంచుదామా?”

ఎన్ని చుట్లని అడిగాను.