‘ఎ షార్ట్ హైక్’ గేమే కాదంటున్నవాళ్ళకు

“గంటన్నరలో అయిపోతుంది. శత్రువులు లేరు, చావు లేదు, నైపుణ్యంతో పనిలేదు. గ్రాఫిక్స్ ఏనాటివో. పిల్లలు ఆడుకునే వస్తువు. దానికి డబ్బు పెట్టడం దండగ.” ‘ఎ షార్ట్ హైక్’ పేరెత్తితే చాలు, ఈ మాటలే తిరిగి తిరిగి వస్తున్నాయి. కెనడాకు చెందిన ఆడమ్ రాబిన్సన్-యూ చేసిన ఈ గేమ్ 2019 జులైలో కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలోకి, మరుసటి ఏడు నింటెండో వాళ్ళ స్విచ్ అనే గేమ్ యంత్రంలోకి వచ్చింది. 2020లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి దీనికే దక్కింది. బహుమతి వచ్చినంత మాత్రాన ఏ గేమూ బాగుండాలని లేదు గనక దాన్ని పక్కన పెట్టి, ఒక్కో మాటా చూద్దాం.

నైపుణ్యంతో పనిలేదట. అన్నిటికన్నా తప్పు మాట ఇదే. ఇందులో మీరు నడిపేది ఓ ద్వీపంలో ఉన్న క్లేర్ అనే పిట్టను. ఆమెకు ఫోన్ కాల్ రావాలి, కొండ కింద సిగ్నల్ లేదు, కాబట్టి హాక్ పీక్ శిఖరం ఎక్కాలి. ఎక్కడానికి బంగారు ఈకలు కావాలి. ఒక్కో ఈకకు గాల్లో ఒక్కో అదనపు జంప్ వస్తుంది. గోడ పట్టుకుని ఎక్కుతుంటే అవే ఈకలు కొద్దికొద్దిగా ఖర్చవుతాయి. నేల మీద కాలు ఆనగానే మళ్ళీ నిండుతాయి. గాల్లో తేలుతూ దిగడానికి మాత్రం ఖర్చేమీ లేదు, జంప్ బటన్ నొక్కి పట్టుకుంటే చాలు.

కొత్తవాళ్ళు బోల్తా పడేది గోడ మధ్యలోనే. పట్టు దొరికాక కూడా తొందరపడి జంప్ మీద జంప్ నొక్కుతారు, ఉన్న ఈకలు రెండు క్షణాల్లో హారతి కర్పూరం. ఎక్కే ముందే కింద నిలబడి, మధ్యలో కాలు ఆనే గట్టు ఎక్కడుందో చూసుకోవాలి. నిటారుగా కాకుండా పక్కవాటుగా దాని మీదికి చేరి, ఈకలు నిండాక మిగతాది ఎక్కాలి. శిఖరం దగ్గర మంచులో ఈ లెక్క కూడా మారుతుంది. వాడిన ఈకలు గడ్డకట్టుకుపోతాయి, వేడినీటి గుంటలో ఒళ్ళు కాచుకుంటే తిరిగి పనికొస్తాయి. ఏడు ఈకలుంటే శిఖరం అందుతుంది. మొత్తం ఇరవై ఉన్నాయి. ఎన్నింటితో బయల్దేరాలో తేల్చుకోవాల్సింది ఆడేవాళ్ళే. అంటే కష్టం ఎంతుండాలన్న మీట మెనూలో లేదు, కొండ మీదే ఉంది.

చావు లేదన్నది నిజమే. ఓటమి లేదని మాత్రం కాదు. ఈకలు అయిపోతే కింద పడతారు, సంపాదించిన ఎత్తు పోతుంది. దెబ్బ తగలదు, ‘గేమ్ ఓవర్’ రాదు. పడుతూ రెక్కలు చాచితే అనుకోని చోట దిగుతారు. అక్కడ ఓ పెట్టెలో నాణేలో, మాట కలిపే జంతువో ఉండే అవకాశం ఎక్కువ. జారిపడ్డ చోటు కూడా దారే అయ్యేలా ద్వీపాన్ని పేర్చడం తేలిక పని కాదు.

గ్రాఫిక్స్ ఏనాటివో అనేవాళ్ళు సెట్టింగ్స్ తెరవలేదని చెప్పొచ్చు. ఇది త్రీడీ బొమ్మే. తక్కువ రిజల్యూషన్‌లో, అంటే చుక్కలు పెద్దగా కనబడేలా, కావాలనే చూపించారు. ఆ చుక్కల (పిక్సెల్) సైజు సెట్టింగ్స్‌లోనే తగ్గించుకోవచ్చు. ఇక మార్క్ స్పార్లింగ్ సంగీతం మీరున్న చోటును బట్టి, చేస్తున్న పనిని బట్టి వాయిద్యాలు కలుపుకుంటూ, వదులుకుంటూ పోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తేలండి, తెలుస్తుంది.

నిజంగా తప్పు పట్టాలంటే వేరేవి ఉన్నాయి. మొత్తం ద్వీపాన్ని చూపే మ్యాప్ లేదు, కెమెరా మన చేతిలో ఉండదు, దాంతో వచ్చిన దారే మళ్ళీ తొక్కడం మామూలు. ఆ విసుగు న్యాయమైనదే. తెలుగు లేదు, మాటలన్నీ చదివేంత ఇంగ్లిష్ వచ్చి ఉండాలి.

పిల్లలదన్న మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. క్లేర్ ఎదురుచూసే కాల్ ఎవరిదో, దేని గురించో ఇక్కడ చెప్పేస్తే ఆడబోయేవాళ్ళకు అన్యాయం. ఇంటికి దూరంగా ఉండి ఫోన్ కోసం ఎదురుచూసినవాళ్ళకు మాత్రం అది సూటిగా తగులుతుంది.

చివరిది డబ్బు. గంటన్నర అన్నది నేరుగా శిఖరానికి పోయేవాళ్ళ లెక్క. ఇసుక కోట కడుతున్న కప్పకు బొమ్మ పార ఇచ్చి అసలు పార తీసుకోవడం, హెడ్‌బ్యాండ్ పోగొట్టుకున్న కుందేలుకు అది వెతికిపెట్టి పరుగు బూట్లు సంపాదించడం, చేపలు పట్టడం, పరుగు పందేలు, ఇరవై ఈకలూ ఏరడం లాంటివన్నీ చేస్తే ఆట రెట్టింపు దాటుతుంది. ఫోన్ కాల్ అయ్యాక కూడా ఇవన్నీ ఆడుకోవచ్చు. పైగా కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడిగితే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. ఈ గేమ్‌ను ఆ గడువులోనే మొదటి నుంచి శిఖరం దాకా ఆడేయొచ్చు. అంటే చూడకుండా కొని మోసపోయామనే వీలు ఇక్కడ దాదాపు లేదు. వంద గంటల గేమ్‌లో అదే 2 గంటలకు చాలాసార్లు ఆట నేర్పే ట్యుటోరియలే పూర్తి కాదు.