పేగులో నెత్తురు, ఊపిరితిత్తిలో గడ్డ

విరేచనంలో నెత్తురు పోతున్న మనిషికి రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ ఇస్తామంటే ఇంట్లోవాళ్లు బెంబేలెత్తిపోతారు. ఉన్న కాస్త రక్తం కూడా పోగొడతారా అని అడుగుతారు. వాళ్లను తప్పుపట్టలేం. డ్యూటీ డాక్టర్లలోనూ కొందరికి అదే జంకు. కానీ అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వంటి పేగువాపు జబ్బులు తిరగబెట్టినప్పుడు ఒంట్లో రెండూ ఒకేసారి జరుగుతాయి. పేగు పుండ్లలోంచి రక్తం కారుతూనే ఉంటుంది, కాలి సిరల్లో గడ్డా కడుతుంటుంది. ఆ గడ్డ తెగి, గుండె మీదుగా వెళ్లి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటే ప్రాణం మీదికి రావడానికి గంటలు చాలు. అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. ఈ జబ్బుతో వార్డులో చేరిన పెద్దవారికి ఆ ఇంజెక్షన్ ఇవ్వడం మామూలు పద్ధతి కావాలి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో డాక్టరు కేస్‌ షీట్లో రాయాలి.

ఇదేమీ నిన్న మొన్న తేలిన సంగతి కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు బార్గెన్, బార్కర్ 1936లోనే కొలైటిస్ రోగుల్లో రక్తపు గడ్డల గురించి రాశారు. పేగువాపు జబ్బు ఉన్నవారికి ఈ ముప్పు మిగతావారికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువని ఆ తర్వాత ఎన్నో పరిశోధనలు తేల్చాయి. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో అది ఎనిమిది రెట్ల దాకా పెరుగుతుందని బ్రిటన్ రోగుల రికార్డుల ఆధారంగా 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది.

ఎందుకిలా? సిరల్లో గడ్డ కట్టడానికి మూడు దారులున్నాయని వైద్య విద్యార్థులు విర్కో అనే జర్మన్ వైద్యుడి పేరుతో చదువుకుంటారు: రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం, ప్రవాహం మందగించడం, రక్తనాళం గోడ దెబ్బతినడం. పేగుజబ్బు ముదిరి వార్డులో పడుకున్న రోగిలో ఈ మూడూ కూడబలుక్కున్నట్టు కలుస్తాయి. వాపు తాలూకు రసాయనాల వల్ల రక్తంలో గడ్డకట్టించే ప్రోటీన్లు ఫైబ్రినోజెన్, ఎనిమిదో ఫ్యాక్టర్ పెరుగుతాయి. ప్లేట్‌లెట్లూ పెరుగుతాయి. నెత్తురు పోయి ఐరన్ తగ్గితే అవి ఇంకా పెరుగుతాయి. అంటే రక్తస్రావం కూడా పరోక్షంగా గడ్డకే సాయం చేస్తోందన్నమాట. ఇక విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గుతుంది. నీరసంతో బాత్‌రూమ్‌కు తప్ప మంచం దిగరు. దీనికి తోడు స్టెరాయిడ్లు, మెడ దగ్గర పెద్ద సిరలోకి పెట్టే గొట్టం (సెంట్రల్ లైన్), కొందరికి ఆపరేషన్.

రక్తస్రావం ఎక్కువవుతుందన్న భయం సంగతి చూద్దాం. మేం చెబుతున్న ఇంజెక్షన్ హెపారిన్. గడ్డ నివారణకు ఇచ్చే దాని మోతాదు తక్కువ. పొట్ట మీద చర్మం కింద చిన్న సూదితో ఇస్తారు. ఒకప్పుడు హెపారిన్‌ను కొలైటిస్‌కే మందుగా వాడి చూశారు. జబ్బు తగ్గించే మందుగా అది నిలబడలేదు కానీ, అనుకున్నంతగా రక్తస్రావమూ పెంచలేదు. మలంలో మామూలుగా కనిపించే నెత్తురు ఈ ఇంజెక్షన్‌కు అడ్డు కాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీ పడిపోయేంతగా రక్తం పోతుంటే మాట వేరు. అప్పుడు కాళ్లను యంత్రంతో ఒత్తే పద్ధతి ఉంది.

ఇంతకన్నా మాకు ఎక్కువ ఆందోళన కలిగించేది గడ్డ కట్టాక కూడా దాన్ని గుర్తించకపోవడం. రోగికి ఆయాసం వస్తే రక్తహీనత అంటారు. గుండె దడదడలాడితే ఒంట్లో నీరు తగ్గిందంటారు. ఛాతీలో పోటు వస్తే గ్యాస్, ఏమీ తేలకపోతే టెన్షన్. నిజానికి ప్రతిదానికీ ఆ కారణం ఉండొచ్చు కూడా, చిక్కంతా అక్కడే ఉంది. గడ్డ ఆనవాళ్లను రక్తంలో వెతికే డీ-డైమర్ పరీక్ష కూడా పెద్దగా ఆదుకోదు. పేగులో వాపు ఉంటే గడ్డ లేకపోయినా అది ఎక్కువే చూపిస్తుంది. అనుమానం బలంగా ఉంటే ఊపిరితిత్తుల రక్తనాళాలను చూపే స్కాన్, సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ తీయాల్సిందే. కాళ్ల వాపునూ కాస్త నిదానించి చూడాలి. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గితే సాధారణంగా రెండు కాళ్లూ వాస్తాయి. ఒక్క పిక్కే ఉబ్బి, ముట్టుకుంటే నొప్పెడితే సిరలో రక్త ప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ వెంటనే చేయించాలి.

ఇంటి దగ్గరుండి మందులు వాడే ప్రతి రోగికీ ఇంజెక్షన్ ఇమ్మని మేం అనడం లేదు. రెట్లు ఎంత పెరిగినా, ఇంట్లో ఉన్నవారిలో గడ్డ కట్టేవారి సంఖ్య తక్కువే. ఇంజెక్షన్ అక్కర్లేదన్నంత మాత్రాన ముప్పు గురించి చెప్పకుండా వదిలేయడం కుదరదు. గడ్డ ముప్పు పెంచే ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా అని ఆడవాళ్లను అడగాలి. కొలైటిస్‌కు ఇచ్చే టోఫాసిటినిబ్ ఎక్కువ మోతాదులో ఊపిరితిత్తుల్లో గడ్డల ముప్పు పెంచవచ్చని 2019లోనే అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు హెచ్చరించాయి. ఆ మందు రాసేటప్పుడు రోగికి ఆ మాట చెప్పాలి. పేగు ఆపరేషన్ అయినవారికి ఇంటికెళ్లాక కూడా కొన్ని వారాల పాటు ముప్పు ఉంటుంది. ఇంజెక్షన్ ఎన్నాళ్లు కొనసాగించాలో, ఎలా పొడుచుకోవాలో పంపే ముందే నేర్పాలి. గడ్డ కట్టినవారు రక్తం పలచబడే మందు కనీసం మూడు నెలలు వాడాలి. ఆ సమయంలో ఒళ్లు నొప్పులకని ఐబుప్రోఫెన్ వేసుకుంటే ఇటు రక్తస్రావానికీ, అటు పేగుకూ చేటు.

డిశ్చార్జి కాగితంలో ఏం తినాలో, ఏం తినకూడదో పేజీ నిండా రాస్తారు. దాని పైన, పెద్ద అక్షరాల్లో ఇంకో నాలుగు మాటలు రాయడానికి ఖర్చేమీ కాదు: ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు పొడిచినా, దగ్గితే నెత్తురు పడినా, ఒక కాలు వాచినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ ఆయాసం గురించే అడుగుతారు, పేగుజబ్బు ఉందని మీరే ముందు చెప్పండి.