బెండు గారికి ఒక ఇల్లాలి విన్నపం

మహారాజశ్రీ బెండు గారికి,

చేపల గాలానికి కట్టి నీళ్ల మీద తేలేసే, పాత హవాయి చెప్పులోంచి కోసిన బొటనవేలంత రబ్బరు ముక్క మీరు. మధ్యలో కన్నం, కన్నంలో తంగీసు దారం, దాని కొసన గాలం, గాలానికి వానపాము. ఆఫీసులో పై అధికారి చెప్పినా పది నిమిషాలు కుదురుగా కూర్చోని మా ఆయన, పెన్నా గట్టున మిమ్మల్ని చూస్తూ పొద్దుగూకేదాకా కదలడు.

చేపలు పడే రోజుల్లో అయితే సరేననుకుందును. సోమశిల గేట్లు ఎత్తితే పెన్నలో బురదనీళ్లు వస్తాయి. అందులో చేపకు ఎర కనబడదు, కనబడేలోపు ఆ వడికి ఎరే ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే. ఎండకు నీళ్లు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గి, చేప మేత మీద ధ్యాస లేకుండా లోతుకు పోతుందని చెప్పిందీ ఆయనే. చెప్పి, రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టుకుని బుచ్చిరెడ్డిపాలెం దగ్గర కనిగిరి రిజర్వాయరుకు బయల్దేరాడు.

నా అనుమానం, ఆయనకు చెడ్డరోజులే ఎక్కువ ఇష్టం. నీళ్లు తేటగా ఉన్నరోజు ఉత్తచేతులతో వస్తే పరువు పోతుంది. బురదనీళ్లయితే తప్పు సోమశిలది, ముసురైతే వాయుగుండానిది. ఏమీ పడకపోతే "ఈ నీళ్లలో ఎవరికి పడతాయిలే" అంటాడు. ఒక్క జెల్ల పడిందా, "ఈ నీళ్లలో పట్టా!" అని వీధంతా చెప్పుకుంటాడు. ఎటు చూసినా నష్టం లేని వ్యాపారం.

పెట్టుబడి మీది. పొద్దుటి నుంచి ఉలకరు పలకరు. ఇక సర్దుకుందామనేసరికి ఒక్కసారి తలూపుతారు, గాలికో, ఎర కొరికే పరిగెపిల్లకో. మాటిమాటికీ ఊపితే విసుగొచ్చేదేమో, అసలు ఊపకపోతే మానేసేవాడేమో. ఎప్పుడు ఊపుతారో తెలియనివ్వరు చూడండి, లాటరీ టికెట్లమ్మేవాడి తెలివి మీది.

గట్టు మీద తోటి భక్తులూ తక్కువవారు కారు. "ఏందన్నా, పడతన్నాయా?" అంటే "నిన్న పడ్డాయంట" అంటారు. ఆ నిన్న పట్టినాయన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

అప్పుడప్పుడూ కొరమేను ఇంటికొస్తుంది, పొలుసు తీసి, ముక్కలు కొట్టి, క్యారీబ్యాగులో. పెన్నలో అలాంటి చేపలు కూడా ఉంటాయని నాకు పెళ్లయ్యాకే తెలిసింది. నేనేమీ అనను, మామిడికాయ వేసి పులుసు పెడతాను.

ఆదివారం మా తమ్ముడి గృహప్రవేశం. ఆ పూటకు మా ఆయన్ని వదిలిపెట్టండి. మిమ్మల్ని కదలకుండా ఉండమని అడుగుదామనుకున్నాను. కదిలితే "పడుతోంది" అంటాడు, కదలకపోతే "ఇప్పుడు పడుతుంది" అంటాడు. ఏం చేస్తారో మీరే చూసుకోండి, ముహూర్తం తెల్లవారుజామున.

ఇట్లు,
పులుసు కుండతో,
నెల్లూరు ఇల్లాలు