చీమకుర్తి రాతికి కొత్త గిరాకీ: ఎగుమతిదారులకు మనవి

చీమకుర్తిలో రాయి ఉంది, ఆర్డర్లు లేవు అనేది ఒంగోలులో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపించే మాట. సీనరేజి (తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) అంటారు, చైనా వాడు కొనడం తగ్గించాడంటారు, అమెరికా సుంకాలంటారు. ఒప్పుకుందాం. కానీ అమెరికా అనగానే మన ఫ్యాక్టరీల వాళ్లకు వంటింటి గట్లు, సమాధి రాళ్లు తప్ప ఇంకేమీ తోచకపోవడం విచారకరం. అక్కడ బైబిలులోని పది ఆజ్ఞల సీజను నడుస్తోంది. నల్లరాతి మీద బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ లాంటి పలక సీనాయి కొండ మీద మోషేకి కూడా దక్కి ఉండదు. కాబట్టి వ్యాపార సంఘాలు ఈ కింది సంగతులు పరిశీలించగలరు.

ముందు సైజులు. లూసియానా రాష్ట్రం 2024 జూన్‌లో చట్టం చేసింది. ప్రతి ప్రభుత్వ బడిలో, ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞలు వేలాడాలి, కొలత 11×14 అంగుళాలకు తగ్గకూడదు. ఏడాది తిరిగేసరికి టెక్సాస్ 16×20 కావాలంది. రెండు సెంటీమీటర్ల మందం గెలాక్సీలో లూసియానా పలక ఇంచుమించు ఆరు కిలోలు తూగుతుంది, టెక్సాస్‌ది పన్నెండు. జిప్సం బోర్డు గోడకు పన్నెండు కిలోలు తగిలిస్తే ‘నరహత్య చేయకూడదు’ అనే ఆజ్ఞే ఊడి ముందు వరుస పిల్లాడి నెత్తిన పడుతుంది. పది మిల్లీమీటర్ల టైలు కోయించండి, బరువు సగమవుతుంది. చట్టంలో ‘పోస్టరు లేదా ఫ్రేము కట్టిన పత్రం’ అని ఉంది. రాతికి ఫ్రేము కడితే పత్రం అవుతుందా అన్నది వకీలును అడగాల్సిన ప్రశ్న.

బిల్లు బడి పేరిట వేయకండి. బడి సొంత డబ్బు పెట్టనక్కర్లేదు, ఎవరైనా దానమిస్తే చాలు. అంటే మన ఖాతాదారుడు దాత. దాత ఉత్సాహం ఎన్నికల దాకా ఉంటుంది, కంటైనరు ఆ తర్వాత చేరుతుంది. చెన్నై రేవు దాటకముందే పూర్తి సొమ్ము తీసుకోండి.

చెక్కేవాళ్లకు ఒక ముఖ్య సూచన: ఆజ్ఞలకు అంకెలు వేయొద్దు. విగ్రహాల ఆజ్ఞను ప్రొటెస్టెంట్లు రెండోదిగా లెక్కిస్తారు. కాథలిక్కులు, లూథరన్లు దాన్ని మొదటిదాంట్లో కలిపేసి, చివరి ఆజ్ఞను రెండుగా చీల్చి పది పూర్తి చేస్తారు. యూదులకు ‘నేను నీ దేవుడనైన యెహోవాను’ అన్నదే మొదటిది. అంకె వేస్తే ఒక పలకకు మూడు మతాల కేసులు. లూసియానా చట్టంలో ఇచ్చిన పాఠానికి అంకెలు లేవు, వరసగా చెక్కుకుంటూ పోవడమే. ‘చెక్కిన ప్రతిమను చేయకూడదు’ అన్న పంక్తిని ఉలితో చెక్కుతున్నప్పుడు పనివాళ్లు నవ్వకుండా మేస్త్రీ చూసుకోవాలి.

పెద్ద సైజు ఆశపడేవారు అలబామా ఉదంతం చదవాలి. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాయ్ మూర్ 2001 జులై 31 రాత్రి, తోటి జడ్జీలకు చెప్పకుండా, కోర్టు భవనం నడిమధ్యన పది ఆజ్ఞలు చెక్కిన 5,280 పౌన్ల రాతిని దింపించాడు. అంటే దాదాపు 2,400 కిలోలు. రాయి వెర్మాంట్‌ది, మనది కాదు, అదొక బాధ. తీసేయమని ఫెడరల్ కోర్టు చెప్పింది, ఆయన వినలేదు. 2003 ఆగస్టులో రాయి పోయింది, నవంబరులో పదవి పోయింది. రాయికి మాత్రం విశ్రాంతి లేదు, ట్రైలరెక్కి ఊరూరా ఊరేగింది. 2012లో జనం ఆయన్ని అదే పదవికి మళ్లీ ఎన్నుకున్నారు. రాయి ఓడినా ఓటు గెలుస్తుందన్న ఈ సూత్రం పట్టుబడితే చాలు, తక్కిన మార్కెట్ దానంతటదే అర్థమవుతుంది.

కోర్టుల రుచి కూడా తెలిసి ఉండాలి. 1980లో కెంటకీ బడుల్లోని ఆజ్ఞలను సుప్రీంకోర్టు దించేయించింది. 2005 జూన్ 27న, ఒకే రోజు, రెండు తీర్పులిచ్చింది: టెక్సాస్ శాసనసభ ఆవరణలోని రాయి ఉండొచ్చు, కెంటకీ కోర్టుల్లోని ఫ్రేములు ఉండకూడదు. టెక్సాస్ రాయి నలభై ఏళ్లుగా ఎవరూ కదిలించకుండా పడి ఉండటం దానికి కలిసొచ్చింది. 2022లో మైదానంలో ప్రార్థించిన ఫుట్‌బాల్ కోచ్ కేసులో చరిత్ర, సంప్రదాయమే కొలబద్ద అన్నారు. కనుక కొత్త పాలిష్ కన్నా పాత మచ్చకు విలువ ఎక్కువ. యార్డు మూలన ఎండకూ వానకూ పడి ఉన్న స్లాబులను పారేయకండి.

ఇదంతా భక్తి గిరాకీ అనుకుని సరుకు పంపితే దెబ్బతింటారు. 1971లో అమెరికా ప్రొటెస్టెంట్లలో అతిపెద్ద శాఖ అయిన సదరన్ బాప్టిస్టుల మహాసభే కొన్ని పరిస్థితుల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టం రావాలని తీర్మానించింది. ఈ మత నాయకులకు అసలు కాలింది పన్ను దగ్గర. వర్ణాంతర స్నేహాలను నిషేధించిన బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయానికి 1976లో పన్ను మినహాయింపు తీసేశారు. 1979లో పాస్టరు జెర్రీ ఫాల్వెల్ ‘మోరల్ మెజారిటీ’ అనే రాజకీయ సంస్థ పెట్టాడు. గర్భస్రావాన్ని షోరూం అద్దంలో పెట్టి, పన్ను సంగతి గోడౌన్లో దాచారు. ఆ సరుకు 2022లో, గర్భస్రావ హక్కునిచ్చిన రో తీర్పు కొట్టివేతతో డెలివరీ అయింది. తెల్ల ఇవాంజెలికల్ ఓటర్లలో పదిమందికి ఎనిమిదిమంది ట్రంప్ వైపు నిలిచారంటే రసీదు చూపించారన్నమాట.

పన్ను మినహాయింపు ఉన్న సంస్థ అభ్యర్థిని బలపరచకూడదని 1954 నుంచీ చట్టముంది. దానికి 1990లలో క్రిస్టియన్ కోయలిషన్ అనే మత రాజకీయ సంస్థ వాడిన మందు కరపత్రం. ఇద్దరు అభ్యర్థుల పేర్లు, పక్కన అంశాలు, ఎదురుగా అనుకూలం, వ్యతిరేకం. ఫలానావాడికి ఓటెయ్యమన్న ముక్క ఎక్కడా ఉండదు. పోలింగుకు ముందటి ఆదివారం పంచాలి. ముందే పంచితే ఎదుటివాడు జవాబిస్తాడు. 2025 జులైలో పన్నుల శాఖే కోర్టులో, పాస్టరు తన సంఘానికి చెప్పుకునే మాటకు ఆ నిషేధం వర్తించదని విన్నవించడంతో ప్రింటర్ల పొట్ట మీద కొట్టినట్టయింది.

టెండర్లలో పాల్గొనదలచినవారికి ఓక్లహోమా రాష్ట్రం పాఠ్యపుస్తకం లాంటిది. 2024లో బడులకు 55,000 బైబిళ్లు కావాలన్నారు. కింగ్ జేమ్స్ అనువాదమే కావాలి, తోలు బైండింగు లేదా అలాంటిదే, లోపల రాజ్యాంగం, స్వాతంత్ర్య ప్రకటన ఉండాలి. బజారులో ఈ కొలతలకు సరిపోయే వాటిలో ట్రంప్ ప్రచారం చేసే 59.99 డాలర్ల ప్రతి ఒకటని పత్రికలు బయటపెట్టాక నిబంధనలు సడలించారు. చైనాలో అచ్చయిన దాని ప్రతులు మూడు డాలర్ల లోపు ధరకే ఓడ దిగాయి. మన జిల్లాలో రోడ్ల టెండరు చూసినవారికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు, లాభం శాతం తప్ప.

కొనుగోలుదారుతో మాట్లాడేటప్పుడు ఒంగోలు పేరు ఎత్తొద్దు. బాప్టిస్టు అయితే ‘క్లౌ దొర ఊరా?’ అంటాడు, ఒంగోలులో పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీని తలుచుకుని. వెంటనే మాట మార్చండి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పని మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కూలి నడిచినన్నాళ్లు, గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని, బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది మునిగారు. ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా, ఇద్దరిద్దరు చొప్పున ముంచారు. దొర ఒక్కరినీ ముంచలేదు. చేతిలో జనం, సొమ్ము రెండూ ఉండగా వాడుకోని మనిషి కథ వింటే దాత చెక్కు మీద సంతకం చేస్తూ ఆగిపోవచ్చు. 1802లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అని రాసిన ఉత్తరం డాన్‌బరీ బాప్టిస్టులకే అన్నది కూడా చెప్పకండి.

దేశీయ మార్కెట్ మీద ఆశ వద్దు. మతం పేరిట ఓటు అడగరాదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ఉంది, అందుకే మన అభ్యర్థులు అడగరు. సెమీ క్రిస్మస్‌కు వచ్చి కేకు కోస్తారు, పాస్టరుగారితో నెత్తిన చెయ్యి పెట్టించుకుంటారు, గుడి దగ్గర అదే నెత్తిన శఠగోపం పెట్టించుకుంటారు. ఇచ్చేది ప్లాస్టిక్ కుర్చీలు, మైకుసెట్టు, మహా అయితే ప్రహరీగోడ. అందులో గ్రానైటు వాటా శిలాఫలకం ఒక్కటే, దాని మీద కూడా పైన ఉండేది ఎమ్మెల్యే పేరే.

చివరిగా ప్యాకింగు. లూసియానా చట్టాన్ని 2024 నవంబరులోనే ఒక ఫెడరల్ జడ్జి ఆపాడు. ఇలాంటి కేసులు పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటాయి, తీర్పు తిరగబడితే సరుకు వెనక్కి వస్తుంది. అక్షరాలు మూడు మిల్లీమీటర్ల లోతు మించకుండా, ఒక పక్కే చెక్కండి. రెండో పక్క అద్దంలా పాలిష్ పట్టి ఉంచండి. తిరగేసి పెడితే వంటింటి గట్టుకు పనికొస్తుంది.